పైగది గడియ

వడ్రంగి తాతయ్య బతికిన ఇల్లు చూడ్డానికి మేనత్తా మేనకోడలూ బయలుదేరారు. దారి పొడవునా అత్తయ్యది ఒకటే పాట.

"ఆ ఎడంచేత్తో తినడమేమిటే? ఏడు తరాలు వెతికినా మన ఇంటావంటా లేదు."

మేనకోడలు ఈ చెవిన విని ఆ చెవిన వదిలేసి, ఎడంచేత్తోనే రొట్టె తింటోంది.

ఆ ఇంట్లో ఇప్పుడొక దర్జీ ఉంటున్నాడు. కుట్టుమిషను ఆపి మెట్లు చూపించాడు. "పైన ఆయన పనిగది అలాగే ఉందండి. కదిలించబుద్ధి కాలేదు."

తాతయ్య ఉన్నన్నాళ్లూ పిల్లలెవరూ ఆ గది గడప తొక్కలేదు. ఆయన తలుపేసుకుని పనిచేసేవాడు. అన్నం కూడా పైకే తెప్పించుకునేవాడు.

మెట్ల మీద చీకటిగా ఉంది. అత్తయ్య తలుపు కుడివైపంతా తడిమి, "గడియ పెట్టడమే మరిచిపోయాడా మా నాన్న" అని విసుక్కుంది. వెనకనుంచి మేనకోడలు చెయ్యి చాచింది. ఎడంవైపున్న గడియ వెతక్కుండానే దొరికింది.

లోపల పనిబల్ల మీద రంపం ఉంది. దాని పిడి మీద బొటనవేలు అరగదీసిన గుంట. అత్తయ్య కుడిచేత్తో పట్టుకుంది, వేలు కుదరలేదు. చెయ్యి మార్చింది, కుదిరింది.

"అందుకా నాన్న ఒక్కడే తినేవాడు" అంది నెమ్మదిగా.

మెట్లు దిగాక సంచిలోంచి ఇంకో రొట్టె తీసి, మేనకోడలి ఎడంచేతిలో పెట్టింది.