ఇత్తడి రేకు ఎంత ఉబ్బుతుంది

నాకు ముక్కు మీదే కోపం. కర్నూలు ఆడపిల్లల బడిలో లెక్కలు చెప్పే నన్ను చూసి పిల్లలకంటే ముందు తోటి టీచర్లే పక్కకు తప్పుకుంటారు. ఆంధ్ర రాష్ట్రానికి కర్నూలు రాజధాని అయిన మరుసటి ఏడు ఆ కోపమే నన్ను ఒక ఇత్తడి రేకు లెక్కలోకి దింపింది.

ఊళ్లో కొత్త నీళ్ల ట్యాంకులు లేస్తున్నాయి. ట్యాంకులో ఎన్ని అడుగుల నీళ్లున్నాయో కింద నిలబడి చూసుకునేందుకు గేజీలు కావాలి. గిన్నెలకు తగరం కళాయి పూసే హుసేన్ వలి ఒకటి తయారుచేశాడు. నాలుగంగుళాల పల్చటి ఇత్తడి రేకును అంచుల్లో బిగించాడు. నీళ్ల ఒత్తిడికి రేకు ఉబ్బితే ముల్లు కదులుతుంది. పరీక్షలో అది నెగ్గితే నలభై ట్యాంకుల పని అతనిదే. లేకుంటే గేజీలు మద్రాసు నుంచి వస్తాయి. అల్యూమినియం గిన్నెలొచ్చి కళాయి పని పడిపోతున్న రోజులవి.

ట్యాంకుల పని చూసే ఇంజనీరు మహానంది పుస్తకం చూసి, పన్నెండడుగుల నీళ్లకు రేకు దాదాపు అంగుళం ఉబ్బి చిరిగిపోతుందన్నాడు. హుసేన్ వలి నా దగ్గరికి పరిగెత్తుకొచ్చాడు.

"ఉబ్బేకొద్దీ రేకు బిగుసుకుంటాది టీచరమ్మా. ఆయప్ప పుస్తకానికి ఆ సంగతి తెల్దు."

నిజమే. పుస్తకంలోని సూత్రం కొద్దిగా వంగే రేకుకే పనికొస్తుంది. బాగా ఉబ్బితే రేకు సాగుతుంది, ఆ సాగుడే దాన్ని పట్టి ఆపుతుంది. దీనికి సూటి జవాబు లేదు. రేకును కాగితం మీద పది వలయాలుగా గీసి, ఒక ఉబ్బు ఊహించి, తప్పెంతో చూసి, దిద్ది, మళ్లీ మొదటి నుంచి లెక్కగట్టాలి. ఒక్కో అడుగు నీళ్లకూ ఇదే తంతు. వేసవి సెలవులన్నీ దానికే పోయాయి. చివరికి పన్నెండడుగులకు ఉబ్బు అంగుళంలో ఇరవయ్యో వంతేనని తేలింది. గేజీకి గీతలు గీసిచ్చాను, మొదట ఎడంగా, రేకు బిగుసుకునేకొద్దీ దగ్గరగా.

"గీతలు సమానంగా గీయడం కూడా రాదా?" అన్నాడు మహానంది. నాకు ఒళ్లు మండిపోయింది.

పరీక్ష రోజు ట్యాంకులో పన్నెండడుగుల నీళ్లు నింపారు. రేకు చిరగలేదు కానీ ముల్లు పది దగ్గరే ఆగింది. మహానంది నవ్వి, సోమవారం దాకా గడువిచ్చాడు. లెక్కంతా మళ్లీ వేశాను, తప్పు దొరకలేదు.

హుసేన్ వలి కొట్టుకు పోయి గేజీ విప్పించాను. పచ్చగా ఉండాల్సిన రేకు రెండు వైపులా తెల్లగా మెరుస్తోంది.

"ఇదేంది?"

"కళాయి పూసినా. నీళ్లు తగిలే సామాను కదమ్మా! పూయకుండా ఇత్తడి మా కొట్టు గడప దాటేది యాడ?"

"ఈ గేజీలో నీళ్లు ఎవరు తాగుతారయ్యా! నేను లెక్కగట్టింది ఉత్త రేకుకు. మందం పెరిగితే ఉబ్బు తగ్గదా?" అని అరిచాను.

"నా చేతుల్తో నేనే చెడగొట్టుకుంటినే!" అని తల పట్టుకున్నాడు.

సోమవారం కళాయి లేని కొత్త రేకు బిగించాడు. ముల్లు నేరుగా పన్నెండు మీదికి పోయి నిలిచింది. మహానందికి నమ్మకం కుదరలేదు. తానే పైకెక్కి, ఎంతో చెప్పకుండా కొన్ని నీళ్లు వదిలించి, "ఇప్పుడెంత?" అని కేకేశాడు.

"ఏడున్నర!" అన్నాను.

ఆయన కొలబద్ద దించాడు. మళ్లీ దించాడు.

"ఏడున్నరే," అన్నాడు. పైనుంచే అరిచాడు. "హుసేన్ వలీ, నలభై చేయాలప్పా!"

హుసేన్ వలి ట్యాంకు కిందే కూలబడి భోరుమన్నాడు. గెలిచి ఏడుస్తావేమని కసురుదామనుకున్నాను. కసరకుండానే పోయి అతని పక్కన కూలబడ్డాను.