సుంకమ్మ గెలిచిన పెట్టె

నేను ఒక ఓట్ల పెట్టెను. సర్కారు పెట్టెను కాదు, ఒక పార్టీ సొంతంగా చేయించుకున్న రేకు పెట్టెను. నాకు కోపం ఎక్కువ. ఆ సంగతి ముందే చెప్పేస్తున్నాను, తర్వాత నొచ్చుకోవద్దు. మనుషులు నాలో వేసిన చీటీల్లో ఒక్కటి కూడా నేను పోగొట్టలేదు. నేను రేకును గనక అబద్ధం చెప్పడం చేతకాదు.

నన్ను చేసినవాడు ఫక్కీరప్ప. గుంతకల్లులో రైల్వే గేటు పక్కన ట్రంకు పెట్టెలు చేసేవాడు. ఒకరోజు పొద్దున తిప్పన్న మాస్టారు సైకిలు దిగి అతని అంగడి ముందు నిలబడ్డాడు. ఆయన రిటైరైన లెక్కల మాస్టారు, సీమ స్వరాష్ట్ర సమితిని పుట్టించిన మనిషి. మన నీళ్లు మన పొలాల పక్కనుంచే పోతున్నా మనకు దక్కవు, మన మాట రాజధానిలో ఎవరి చెవికీ ఎక్కదు, కాబట్టి మన రాష్ట్రం మనకు కావాలి అని ఊరూరా తిరిగి చెప్పేవాడు.

"ఫక్కీరప్పా, ఓట్ల పెట్టె ఒకటి చెయ్యాలప్పా," అన్నాడు. "రాష్ట్రం వచ్చినంక ఎట్ల ఏలుకుంటామని జనం అడుగుతాండారు. ముందు మన పార్టీని మనం ఎట్ల ఏలుకుంటామో చూపించాల. మూడేండ్లకొకసారి అధ్యక్షుణ్ణి చీటీలేసి ఎన్నుకుంటాం."

ఫక్కీరప్ప నాలుగు రోజులు నా మీదే కూర్చున్నాడు. అంచులు రెండు మడతలు మడిచి, మూలల్లో తన అలవాటు ప్రకారం మూడేసి రివెట్లు కొట్టాడు. ఆకుపచ్చ రంగు వేశాడు. పని అయ్యాక నన్ను చేత్తో తట్టి, "ఏనుగెక్కినా కుంగదు సారూ," అన్నాడు. సభ్యత్వ చీటీ కూడా ఆ రోజే రాయించుకున్నాడు.

నాలుగు ఎన్నికలు నాకు పని లేకుండానే గడిచాయి. తిప్పన్న మాస్టారికి పోటీగా ఎవరు నిలబడతారు? నన్ను కరపత్రాలు పెట్టుకోవడానికి వాడేవారు. రైల్ రోకో రోజున ఆ కరపత్రాలతో సహా నన్ను పట్టాల దగ్గరికి మోసుకొచ్చిన మనిషి సుంకమ్మ.

ఆమె పత్తికొండ దగ్గర పల్లెలో శెనక్కాయలు పెరికే కూలీ. ముప్పై ఏళ్లు దాటాక తిప్పన్న మాస్టారి దగ్గర అక్షరాలు నేర్చుకుంది. ఆ రోజు లాఠీలు లేచేసరికి ముందు వరుసలోని చొక్కాలన్నీ మాయమయ్యాయి. సుంకమ్మ మాత్రం పట్టాల మీద నా పక్కనే కూర్చుంది. ఆమె మోచెయ్యి విరిగింది. జైల్లో నలభై రోజులు ఉండి బయటికి వచ్చి, వంకర తిరిగిన చేత్తోనే పల్లె పల్లెకూ తిరిగింది. పది పన్నెండేళ్లు అలా తిరిగింది. సమితికి ఊళ్లలో కమిటీలు ఉన్నాయంటే అవి ఆమె కాళ్లు పెట్టినవి.

అప్పుడు తిప్పన్న మాస్టారికి గుండె జబ్బు చేసింది. ఇక నా వల్ల కాదు, అధ్యక్షుణ్ణి ఎన్నుకోండి అన్నాడు. సుంకమ్మ పేరు ఊరి కమిటీల నుంచి వచ్చింది. ఇంకో పేరు ఓబుళపతిది. తారు రోడ్ల కాంట్రాక్టరు, సమితిలో చేరి రెండేళ్లయింది. తెల్ల కారు, తెల్ల బట్టలు, తెల్లటి నవ్వు. లాఠీ దెబ్బ ఎట్లుంటుందో తెలియదు గానీ, దాని మీద అరగంట మాట్లాడగలడు. వింటే మీకు కూడా కన్నీళ్లు వస్తాయి. నాకు రాలేదు, నేను ఆ పట్టాల మీద ఉన్నాను కదా!

ఎన్నిక ఒక కల్యాణ మండపంలో జరిగింది. నాలుగు వందల పన్నెండు మంది ప్రతినిధులు వచ్చారు. ఎన్నికల పెద్ద తిప్పన్న మాస్టారే. నా తాళంచెవి ఆయన జేబులో ఉంది. నా మూత మీద అంటించిన కాగితం మీద ఆయన సంతకం ఉంది. ఒక్కొక్కరే వచ్చి చీటీ వేశారు. ఒక ముసలామె చీటీని మడిచి, కళ్లకద్దుకుని మరీ వేసింది. ఆ సంగతి తలచుకుంటేనే నాకు ఒళ్లు మండుతుంది.

భోజనాల వేళ నన్ను పెళ్లికొడుకు గదిలో పెట్టారు. కాపలాగా మాస్టారు కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ఆయన కంటే నమ్మకమైన కాపలా ఎవరని అందరూ నిశ్చింతగా విస్తళ్ల ముందు కూర్చున్నారు.

వెనక తలుపు తోసుకుని ఓబుళపతి మనుషులు ఇద్దరు వచ్చారు. వాళ్ల చేతుల్లో ఇంకో పెట్టె. నా అంతే ఎత్తు, నా రంగే. మాస్టారు లేచి అరుస్తాడని నేను అనుకున్నాను. ఆయన లేవలేదు. జేబులో నుంచి పెన్ను తీశాడు. ఆ కొత్త పెట్టె మూత మీది కాగితం మీద సంతకం పెట్టాడు. కింద తేదీ కూడా వేశాడు.

"దీన్ని తీసుకపోయి కాల్చేస్తాం సార్," అన్నాడు వాళ్లలో ఒకడు నన్ను దుప్పట్లో చుడుతూ.

"కాల్చొద్దు. మా ఇంటికి పంపండి," అన్నాడు ఆయన గోడ వైపు చూస్తూ.

వంటశాల గుండా, సాంబారు గుండిగల పక్కనుంచి నన్ను మోసుకుపోయారు. నాలుగు వందల పన్నెండు మంది మాట ఒక మురికి దుప్పట్లో ఊపిరాడక పడి ఉంటే, వాళ్లు పక్క హాల్లో ఇంకాస్త అన్నం వడ్డించమని అడుగుతున్నారు.

ఆ తర్వాత హాల్లో జరిగింది ఫక్కీరప్ప నోటి వెంట నేను విన్నదే. అబద్ధపు పెట్టెను బల్ల మీద పెట్టి తెరిచారు. ఓబుళపతికి రెండు వందల తొంభై ఎనిమిది, సుంకమ్మకు నూట పద్నాలుగు. చప్పట్లు మొదలయ్యాయో లేదో ఫక్కీరప్ప ముందుకొచ్చి ఆ పెట్టె మూలను చేత్తో తడిమాడు.

"ఆగండప్పా! ఇది నేను చేసిన పెట్టె కాదు," అన్నాడు. "నేను మూలకు మూడు రివెట్లు కొడతా. దీనికి రెండే ఉండాయి. నా చేతి పని నాకు తెల్దా?"

హాలంతా నవ్వింది. "ముసలాయనకు కండ్లు మసకలు పడినాయి," అన్నారు ఎవరో. ఫక్కీరప్ప తిప్పన్న మాస్టారి వైపు తిరిగి, "సారూ, మీరు చెప్పండి," అన్నాడు. మాస్టారు కళ్లజోడు తుడుచుకున్నాడు. ఇద్దరు పడుచువాళ్లు ఫక్కీరప్పను రెక్కలు పట్టి గేటు దాకా నడిపించారు. మెడలో దండతో ఓబుళపతి మైకు అందుకుని, "సీమకు తరతరాలుగా జరుగుతున్న మోసాన్ని..." అని మొదలుపెట్టాడట. ఆ మాట అక్కడ అనడానికి ఎంత గుండె కావాలో చూడండి!

మూడో రోజు పొద్దున సుంకమ్మ మాస్టారి ఇంటికి వచ్చింది. వెనకే ఫక్కీరప్ప, మొహం ముడుచుకుని. నేను మంచం కింద ఉన్నాను, మాస్టారు మంచం మీద ఉన్నాడు.

సుంకమ్మ ఆయన కాళ్లకు దండం పెట్టింది. "ఓడిపోతి సారూ. ఒప్పుకుంటాండా. ఫక్కీరప్పన్న పెట్టె మారిందని ఊరంతా చెప్తాండాడు. సారు కాపలా ఉండంగ ఎట్ల మారుతుందన్నా, సారును అంత మాట అనొద్దని నేనే తిట్టి తీసుకొస్తి." ఫక్కీరప్ప వైపు తిరిగి, "క్షమించమని అడుగన్నా," అంది.

ఫక్కీరప్ప అడగలేదు. ఆమె తిట్టి ఉంటే మాస్టారు తట్టుకునేవాడేమో. నమ్మింది, అదే ఆయనను పడగొట్టింది. వంగి, మంచం కింద చెయ్యి పెట్టి, నన్ను బయటికి లాగాడు.

ఫక్కీరప్ప నా మూల తడిమాడు. "మూడు," అన్నాడు. అంతే, కూలబడ్డాడు.

సుంకమ్మ మాత్రం నిలబడే ఉంది. "ఎందుకు సారూ?" అంది.

"నువ్వు మంచిదానివే సుంకమ్మా. నీకంటే కష్టపడినోళ్లు లేరు. అయితే ఢిల్లీలో నిన్ను ఎవరు కూర్చోబెట్టి మాట్లాడతారు చెప్పు? ఓబుళపతి వెనక నలుగురు ఎమ్మెల్యేలుండారు. నేను పోయేలోపల రాష్ట్రం చూడాలనుకున్యా. నీ చేతిలో పెడితే..." అక్కడ ఆపేశాడు.

"చెప్పండి. కూలిదాని చేతిలో పెడితే?"

ఆయన దుప్పటి అంచు సర్దుకున్నాడు.

"మీకేం తెలుసు, మీకు ఏలుకోను చేతనవుతుందా అని రాజధానోళ్లు మనల్ని అన్యారని మీరే కదా సారూ బల్ల గుద్ది చెప్తిరి? ఆ మాట విని నేను ఇల్లు వదిలి వస్తి. చెయ్యి ఇరగ్గొట్టుకుంటి. ఆ మాటే మీరు నన్ను అంటిరా?"

సుంకమ్మ నన్ను నడి వాకిట్లోకి, ఎండలోకి ఈడ్చుకొచ్చింది. "తాళం తీయండి," అంది. ఆయన తీశాడు. "ఇప్పుడు చదవండి. ఒక్కొక్క చీటీ పైకి చదవండి. నాకు చదువు చెప్పింది మీరే. నేను వింటా."

"సుంకమ్మా, వద్దు..."

"చదవండి సారూ."

చదివాడు. సుంకమ్మ. సుంకమ్మ. ఓబుళపతి. సుంకమ్మ. నాలుగు వందల పన్నెండు చీటీలు, పొద్దు నడినెత్తికి వచ్చేదాకా. ఒక చీటీ మీద ఎవరో తప్పుల అక్షరాలతో "మా సుంకక్క" అని రాసి ఉంది. అక్కడ ఆయన చీటీని కిందికి దించాడు. సుంకమ్మ ఎదురు చూసింది. నీళ్లు కావాలా అని అడగలేదు. ఫక్కీరప్ప బొగ్గుతో గచ్చు మీద గీతలు గీస్తూ పోయాడు. సుంకమ్మకు రెండు వందల యాభై ఒకటి. ఓబుళపతికి నూట యాభై ఆరు. చెల్లనివి ఐదు.

"ఆదివారం ఓబుళపతికి సన్మాన సభ ఉండాది," అన్నాడు మాస్టారు, కళ్లు తుడుచుకుంటూ. "మైకులో నేనే చెప్తా. తప్పు చేసినానని అందరి ముందర చెప్తా. నువ్వు పెట్టె తీసుకొని రా."

ఆమె వచ్చింది. చీటీలన్నీ మళ్లీ నాలో పెట్టి, నన్ను ఆటోలో తెచ్చి, రెండో వరుసలో తన కాళ్ల దగ్గర పెట్టుకుంది. వేదిక మీది నుంచి మాస్టారు నన్ను చూశాడు. బాగా చూశాడు. మైకు ముందుకొచ్చాడు. ఓబుళపతి చిరునవ్వుతో వచ్చి ఆయన భుజం చుట్టూ చెయ్యి వేశాడు. అంతమంది జనం, అన్ని దండలు, "తిప్పన్న మాస్టారికీ" అని ఒకడు అరిస్తే "జై" అంటున్న వేయి గొంతులు. ఆ "జై"ని పోగొట్టుకోవడం ఆయన చేత కాలేదు.

"ఓబుళపతికి నా ఆశీస్సులు," అన్నాడు. వెళ్లి కూర్చున్నాడు.

నలభై ఏళ్లు లెక్కలు చెప్పిన మనిషి! నూట యాభై ఆరు పెద్దదా, రెండు వందల యాభై ఒకటి పెద్దదా చెప్పలేకపోయాడు!

సుంకమ్మ లేచి, "ఈ పెట్టె తెరిచి చూడండప్పా!" అని కేక పెట్టింది. ఆమెను నలుగురు లాగేశారు. నన్ను ఎవడో బూటు కాలితో తన్నాడు. నా పక్కన ఆ సొట్ట ఇప్పటికీ ఉంది. జనం కాళ్ల మధ్య నుంచి ఫక్కీరప్పే నన్ను ఎత్తుకుని సుంకమ్మ ఇంటికి చేర్చాడు. ఆ సాయంత్రమే ఆమెను సమితి నుంచి తీసేశారు. పార్టీ క్రమశిక్షణ తప్పిందట.

ఆరు నెలలు తిరిగేసరికి ఓబుళపతి సమితిని తీసుకెళ్లి, ఏ పార్టీ మాకు అన్యాయం చేసిందని ఇన్నాళ్లూ అరిచారో ఆ పార్టీలోనే కలిపేశాడు. అతనికి ఒక కార్పొరేషన్ చైర్మన్ పదవి వచ్చింది. తిప్పన్న మాస్టారిని ఆ సభకు పిలవలేదు. ఇంట్లో కూర్చుని పేపర్లో చదువుకున్నాడట. అయ్యో అని నేను అనను. మీరు అనుకుంటే అనుకోండి.

సుంకమ్మ మళ్లీ పల్లెలు పట్టింది. కొందరు తలుపులు వేసుకున్నారు. "జరిగిందేదో జరిగిపాయె, వదిలెయ్యమ్మా," అన్నవాళ్లే ఎక్కువ. ఆ మాట విన్నప్పుడల్లా ఆమె దవడ బిగుసుకునేది. అయినా పక్క ఊరికి నడిచేది. రెండేళ్లకు ఆమె ఇంటి ముందర, వేపచెట్టు నీడలో డెబ్బై ఒక్క మంది చేరారు. కొత్త సంఘం పెట్టుకుందాం, దానికి పెద్దను ఎన్నుకుందాం అన్నారు. సుంకమ్మే ఉండాలని కొందరు, ఎర్రిస్వామి ఉండాలని కొందరు. ఎర్రిస్వామి పొట్టి మనిషి, శెనక్కాయ రైతు, కాలువ నీళ్ల లెక్కలన్నీ నోటికి చెప్పగలడు.

ఎవరో నన్ను తెచ్చి ముందర పెట్టారు. "పెట్టె వద్దు," అంది సుంకమ్మ. "ఎండలో నిలబడి చేతులెత్తండి. అందరం చూస్తాం. అందరం లెక్కపెడతాం."

లెక్కపెట్టారు. ఒకసారి కాదు, మూడుసార్లు. ఎర్రిస్వామికి ముప్పై ఎనిమిది, సుంకమ్మకు ముప్పై మూడు.

ఇన్నేళ్లు, ఆ చెయ్యి, ఆ జైలు! నాకు గొంతుంటే అరిచేదాన్ని. జనం ఆమె ముఖం వైపు చూడలేకపోయారు. ఎర్రిస్వామి అయితే, "అక్కా, నాకొద్దులేక్కా, నువ్వే ఉండు," అని వెనక్కి జరిగాడు.

"ఏమి వద్దు? డెబ్బై ఒక్క మంది చేతులెత్తింది ఆటకా?" అని గద్దించింది సుంకమ్మ. ఆమె కళ్లల్లో నీళ్లు తిరిగాయి, వాటిని దాచుకోలేదు. "మాట్లాడు. యాడికి పోదామో చెప్పు."

అతను నోరు విప్పాడు గానీ, వెనక ఉన్నవాళ్లకు మనిషే కనపడలేదు. సుంకమ్మ నన్ను నేల మీద బోర్లించింది. సొట్ట ఉన్న వైపు కాస్త ఒరిగాను. ఆమె చతికిలబడి, ఆ వంకర చేత్తో నన్ను కదలకుండా గట్టిగా పట్టుకుని, "ఊ, ఎక్కప్పా," అంది.