చక్రాల గది

మా అమ్మ కెజయా ఆడవాళ్ళను సముద్రంలో ముంచి బతికింది. నిజంగానే. చక్రాల మీది చెక్క గదిలో గొప్పింటి ఆడవాళ్ళు మగవాళ్ళ కంటపడకుండా బట్టలు మార్చుకుంటుంటే గుర్రం ఆ గదిని నీళ్ళలోకి లాక్కెళ్ళేది. మెట్ల దగ్గర అమ్మ వాళ్ళ భుజాలు పట్టుకుని మునకలు వేయించేది. ఒకప్పుడు ఇంగ్లండులోని మా కార్న్‌వాల్ ఒడ్డు పొడవునా మా గదులే. ఇప్పుడు ఆడా మగా కలిసి ఒడ్డు మీంచే నీళ్ళలోకి పరిగెడుతున్నారు. మిగిలింది ఒక గది, ఒక ముసలి గుర్రం, నేను.

ఊళ్ళో కొత్తగా కట్టిన ఈత కొలనులో నాకు టికెట్లిచ్చే పని దొరికింది. ఆ పొద్దున అమ్మకు చెప్పాను.

"ఆ సిమెంటు తొట్టిలోనా?" అంది. "పక్కనే సముద్రం పెట్టుకుని తొట్టి నీళ్ళు అమ్ముతావటే, టామ్సిన్?"

"నెలనెలా జీతమిస్తారమ్మా. మనకు ఈ వారం ఒక్కరైనా వచ్చారా?"

"నువ్వు పోతే గుర్రాన్ని ఎవరు పట్టుకుంటారు?"

"అమ్మేయ్."

"దాంతోపాటు నన్నూ అమ్మేయవే, పీడా వదులుతుంది."

అని రోజూలాగే తన స్నానానికి గదిలోకెక్కింది. నేను ఒడ్డు వైపున్న వెనక తలుపుకు బయటినుంచి గొళ్ళెం పెట్టి, గదిని నీళ్ళలో దింపి, గుర్రంతో ఒడ్డుకొచ్చాను. స్నానమయ్యాక సముద్రం వైపు మెట్ల మీంచి జెండా ఎగరేయాలి. అది కనబడేదాకా గది దగ్గరికి వెళ్ళకూడదని చిన్నప్పుడే నాకు నూరిపోసింది.

జెండా రాలేదు. నేను లొంగేదాకా అమ్మ బయటికి రాదు కాబోలు, మొండిఘటం అనుకున్నాను. ఒళ్ళు మండింది. పోటు పెరిగి నీళ్ళు ఇరుసు దాటేసరికి మంట పోయి భయం పట్టుకుంది. నడుంలోతు నీళ్ళలో వెళ్ళి గోడ బాదాను.

"అమ్మా, బయటికి రా. నేను ఆ పనికి పోను. ఒట్టు. నీ దగ్గరే ఉంటా."

గొళ్ళెం తీశాను. అమ్మ బల్ల మీద కాళ్ళు ముడుచుకుని కూర్చుంది. పిడికిళ్ళు చెక్కుకుపోయి ఉన్నాయి.

"సముద్రం వైపు తలుపు తడికి ఉబ్బి బిగుసుకుపోయిందే. ఎంత అరిచినా వినబడలేదా?"

"అలల్లో ఏం వినబడుతుంది? నా మీద అలిగావనుకున్నా."

"అలకా? ఈ చీకట్లో చస్తాననుకున్నాక బుద్ధొచ్చింది. బతికి బయటపడితే నిన్ను పొమ్మందామనే అనుకున్నా."

నాకు ప్రాణం లేచొచ్చింది. "అయితే పోనా అమ్మా?"

"ఉంటానని నువ్వే ఒట్టేశావు కదే," అంది అమ్మ, నా మెడ చుట్టూ చేతులు వేసి. ఆమె ఏడుస్తోంది, సంతోషంతో. ఆమెను ఎత్తుకుని ఒడ్డుకు నడిచాను.