చూడ్డానికొచ్చినవాళ్లు

ఈ బత్తాయిలన్నీ ఎవరు తింటారు, నోట్లో ఏం పెట్టుకున్నా ఇనపముక్క నాకినట్టే ఉంటుంది, మూడో కీమో ఇంజెక్షన్ తర్వాత కారం కూడా కారంలా లేదు, ప్రత్తిపాడులో పుట్టి పెరిగి కారం రుచి మర్చిపోయిన మనిషంటూ ఉంటే అది తనేనని జానీబీ నవ్వుకోబోయింది, నవ్వు రాలేదు, ఎదురుగా కుర్చీలో పర్చూరు నుంచి వచ్చిన ఆడపడుచు జహీరున్నీసా కొంగు నోటికడ్డం పెట్టుకుని ఏడుస్తోంది మరి, ఎంత జుట్టు వదినా నీది, మా అత్తగారి చెల్లెలికీ ఇదే జబ్బు, పాపం ఎంత ఖర్చుపెట్టినా, అని అక్కడ ఆగింది, ఆగితే మాత్రం తెలీదా, చూడ్డానికొచ్చిన ప్రతివాళ్లకీ ఇదే జబ్బుతో పోయినవాళ్లు ఒకళ్లుంటారు, ఊరుకో జహీరా, నాకేం కాదు, అల్లా ఉన్నాడు, అని వీపు నిమిరింది, కుడిచెయ్యి లేపితే ఆపరేషన్ చేసిన వైపు చంకలోంచి లాగుతుంది కాబట్టి ఎడమచేత్తో నిమిరింది, లేచి టీ కూడా పెట్టింది, రోగి చేత టీ పెట్టించుకుని రోగి చేతే ఓదార్పించుకుని పోయే చుట్టాలు, ఇదేం చోద్యమో.

చెల్లెల్ని బస్సెక్కించడానికి బయల్దేరుతూ మొగుడు హయాత్ గుమ్మంలోనే అంటున్నాడు, మా ఆవిడకేం, మొండిఘటం, మాకే ధైర్యం చెప్తుంది, అని, మంచివాడే, వాంతులెత్తిపోసింది కూడా ఆయనే, కానీ గుంటూరు ఆసుపత్రిలో రోగులతో మాట్లాడే కౌన్సిలర్ అమ్మాయి మనసెలా ఉందమ్మా, నిద్ర పడుతోందా అని తనని అడిగితే, బాగానే ఉందండీ మేడమ్, చాలా ధైర్యమండీ, అని ఈయనే చెప్పేశాడు, ఆ అమ్మాయి అయినా తన మొహంలోకే చూసింది, తనేమో తలూపింది, ఎందుకూపిందో, రొమ్ము తీసేసిన దగ్గర్నుంచి తను జాకెట్టు మార్చుకుంటుంటే ఆయన గోడవైపు తిరుగుతున్నాడు, మర్యాదా, జాలా, అసహ్యమా, అడిగితే ఏం వినాల్సొస్తుందోనని అడగలేదు, కూతురు సైమాకి ఇంటర్ పరీక్షలు, దాని ముందు కళ్లు తడవకూడదు, రేపు నాలుగో ఇంజెక్షన్, వెళ్లదు, ఎవరికీ చెప్పలేదు కానీ నిన్ననే అనుకుంది, పొద్దున్నే కడుపునొప్పి అంటుంది, ఎల్లుండి ఇంకోటి అంటుంది, మానేస్తే ఏమవుతుందో డాక్టరు చెప్పకపోలేదు, అయినా ఇక ఓపిక లేదు.

ఏమే జానీ, అంటూ సామ్రాజ్యం వచ్చింది, మిర్చి తొడిమలు తీసే పనిలో ఏళ్ల తరబడి జోడు, బత్తాయిలు తేలేదు, సంచిలోంచి గోంగూర కట్టలు తీసి నేలమీద పోసింది, ఇంటికాడ తెమల్లేదే, ఇక్కడే ఒలుచుకుంటా, నువ్వూ చెయ్యెయ్యి, అంది, మొహంలోకి చూడలేదు, గుండెలవైపు అసలే చూడలేదు, ఇద్దరూ తలలు వంచుకుని ఆకు తుంచుతుంటే మిర్చి షెడ్డులో ఉన్నట్టే ఉంది, అక్కడా ఇంతే కదా, కాయల కుప్ప చుట్టూ కూర్చుని ఎవరి చేతులు వాళ్లు చూసుకుంటూ ఎన్ని చెప్పుకున్నారు, సామ్రాజ్యం మొగుడి తాగుడు, తనకి కడుపులోనే పోయిన పిల్లాడు, కళ్లనీళ్లొస్తే ఘాటు కదా అని ఎవరూ పట్టించుకునేవాళ్లు కాదు, రేపు నేను పోను సామ్రాజ్యం, భయమేస్తోందే.

ఎవరన్నారీ మాట, తనేనా, సామ్రాజ్యం చెయ్యి ఆగలేదు, ఏం భయం, అని మాత్రం అడిగింది, అంతే ఇక, చచ్చిపోతానేమోనని, ఆ ఎర్రమందు సీసా తగిలించగానే కడుపులో దేవుతుందని, ఆయన గోడవైపు తిరుగుతున్నాడని, సైమా పెళ్లికి ఉంటానో ఉండనోనని, అన్నీ కలగాపులగంగా వచ్చేశాయి, ఏడుపూ వచ్చింది, వెక్కిళ్లు పెట్టి ఏడ్చింది, ఊ, అంటోంది సామ్రాజ్యం, ఊ, ధైర్యంగా ఉండు అనలేదు, పోయినవాళ్ల సంగతి ఎత్తలేదు, ఇంకో కట్ట విప్పింది.

చాలాసేపటికి జానీబీ ముక్కు తుడుచుకుని, రేపు ఆయన బదులు నువ్వు రావే, ఊరికే పక్కన కూర్చో, అంది, వస్తాలే, పొద్దున బస్సుకేగా, అంది సామ్రాజ్యం, భయం పోయిందా అంటే పోలేదు, మరి ఈ తేలికేమిటి, ఇన్నాళ్ల నీరసమంతా మందుదే అనుకుంది, వచ్చినవాళ్లందరి ముందూ ధైర్యం నటించీ నటించీ వచ్చిన నీరసం అందులో ఎంతుందో, భయపడుతూ కూడా వెళ్లొచ్చని తనకి ఇంతవరకూ ఎవరూ చెప్పలేదు.