రేవు కథలో సుంకం అధికారి

మా వీధి చివరి టైపు మాస్టరు భార్య, తనకు మేడమీద అద్దెకున్నావిడ చెప్పిందనీ, ఆవిడకు బట్టలారేస్తుంటే చెవిన పడిందనీ రెండు సాక్ష్యాలు ముందే చూపించి, ఆ తర్వాత నాకు చెప్పిన సంగతేమిటంటే, మా అక్క ఇంట్లోంచి లేచిపోతోందట. ఎవరో సరంగుతో. పడవలో.

"నా నోటెందుకులే అనుకున్నాను గానీ, నీకు చెప్పకపోతే నాకు ముద్ద దిగేట్టు లేదు. 'గాలి వచ్చినా వాన వచ్చినా తాడు విప్పేస్తాను, నన్నాపడం ఎవడి తరమూ కాదు' అందట మీ అక్క. ఫోన్లో. అంత గొంతేసుకుని!"

"మరి సరంగేమన్నాడట పిన్నిగారూ?"

"అది వినపడలేదట, పాపం."

ఆ పాపం ఎవరికో నాకు అంతుపట్టలేదు. నవ్వు కప్పిపుచ్చుకోవడానికి లేని దగ్గు తెచ్చుకున్నాను.

మా అక్క కళ్ళజోళ్ళ దుకాణంలో పనిచేస్తుంది. పొద్దస్తమానం పరాయివాళ్ళ చెవుల వెనక వేలు పెట్టి "బిగుతుగా ఉందా, వదులుగా ఉందా" అని అడగడం ఆమె ఉద్యోగం. మధ్యాహ్నం గిరాకీ పలచబడ్డాక ఫోను తీస్తుంది. అందులో ఒక గుంపు ఉంది. అందరూ కలిసి రాసుకునే కథ అది. ఒక నది, ఒక రేవు, మనిషికో పాత్ర. ఒకరు నాలుగు వాక్యాలు రాసి వదిలితే ఇంకొకరు అక్కణ్ణుంచి అందుకుంటారు. నాటకమే అనుకోండి, కాకపోతే ముఖానికి రంగు ఉండదు, ముందే రాసిపెట్టిన మాటలూ ఉండవు. ఒక ముసలి దొంగ ఉన్నాడు, దెయ్యాలకు మందిచ్చే వైద్యురాలు ఉంది, అబద్ధాలు తప్ప ఆడని చిలక ఉంది. ఆ చిలక బయట ఏ ఆఫీసులో ఏం చేస్తోందో ఎవరికీ తెలియదు, అడగకూడదు కూడా. గుంపును నడిపే ఆయన్ని పెద్దసరంగు అంటారు. అక్క పాత్ర పడవ మనిషి; నాకు పాత్ర లేదు, గుంపులో ఉండి ఊరికే చదువుతాను. ఆ పడవ మనిషికి మొగుడు లేడు, అత్తగారు లేదు, నోరు మాత్రం దండిగా ఉంది. రాసింది చెవికి ఎలా ఉందో చూసుకోవడానికి అక్క డాబా మీద పైకి చదువుకోవడం వల్ల వచ్చింది ఈ తంటా అంతా.

కబురు బావ దాకా పోవడానికి ఎంతో సేపు పట్టలేదు. బావ డ్రైవింగ్ స్కూల్ మాస్టరు. గుమ్మంలో చెప్పులు విడవకుండానే "ఎవరే ఆ సరంగు?" అన్నాడు. అక్క మారుమాట లేకుండా ఫోను చేతిలో పెట్టింది. బావ కుర్చీలో కూలబడి మొదటినుంచీ చదివాడు. టీ చల్లారింది. మళ్ళీ వేడిచేసి ఇస్తే అదీ చల్లారింది.

"నేనూ చేరతాను," అన్నాడు చివరికి.

"మీకెందుకండీ ఇవన్నీ?"

"తుపానులో పడవ తీస్తానని రాశావు కదే! పక్కన ఎవరో ఒకరు ఉండొద్దూ?"

ఆ గుంపులో ఒక కట్టుబాటు ఉంది. కొత్తవాళ్ళను తెచ్చినవాళ్ళే వాళ్ళకు పూచీ. వచ్చినవాడు హద్దు మీరితే తెచ్చినవాళ్ళూ బయటికే. అక్క పూచీ పడింది. మర్యాదలన్నీ పూసగుచ్చినట్టు చెప్పింది కూడా. ఎవరి పాత్ర సంగతి వాళ్ళే రాయాలి. నువ్వు కత్తి విసరొచ్చు, తగిలిందని మాత్రం రాయకూడదు. తగిలిందో తప్పిందో అవతలివాడు చెబుతాడు. నీ వంతు అయ్యాక ఇంకొకరు పట్టుకోవడానికి ఒక కొస వదలాలి. కథ బయటి మాట చెప్పాలంటే జంట బ్రాకెట్లలో పెట్టాలి. బావ బుద్ధిగా తలూపాడు. తలూపడంలో మా బావను మించినవాడు లేడు.

సుంకం అధికారి పాత్ర తీసుకుని మొదటి వంతు రాశాడు.

"సుంకం అధికారి రేవులోకి వచ్చాడు. అందరూ లేచి నిలబడ్డారు. పడవ మనిషి గజగజ వణికి తాడు మళ్ళీ కట్టేసింది."

ముందుగా ముసలి దొంగ తేరుకుని, "ముసలి దొంగ లేవలేదు. మోకాళ్ళ నొప్పులు," అని రాశాడు. తర్వాత అక్క రాసింది: "పడవ మనిషి వణకలేదు. చలి కూడా లేదు. తాడు విప్పింది."

ఊరుకున్నాడా! అక్క తాడు విప్పడం, అధికారి ఆమె చేతే కట్టించడం. అక్క తెడ్డు అందుకుంటే, ఆమె చేతిలోంచి అది జారిపోయిందని ఈయన రాయడం. బావను అని లాభం లేదు. ఆయన కారులో పక్కసీటు కింద కూడా ఒక బ్రేకు ఉంటుంది. నేర్చుకునేవాడు తడబడితే తొక్కడానికి. ఇన్నేళ్ళు తొక్కీ తొక్కీ ఆ కాలికి వేరే బుద్ధి పుట్టుకొచ్చింది. నేను కాఫీ కప్పులతో కాస్త వడిగా వచ్చినా, కుర్చీలో ఉన్న బావ కాలు నేలను తొక్కుతుంది.

చివరికి పెద్దసరంగు జంట బ్రాకెట్లు తెరిచాడు. "((అధికారి గారూ, పడవ మనిషి చేతులు మీవి కావు. ఇంకొక్కసారి ఆమె చేత ఏ పని చేయించినా మీరూ, మీకు పూచీ పడినామె ఇద్దరూ రేవు వదలాలి. మన్నించండి.))"

అక్క బావను పల్లెత్తు మాట అనలేదు. దానికే నాకు భయమేసింది. మర్నాడు దుకాణానికి వెళ్తే, ఎవరిదో కళ్ళజోడుకు మరలు బిగిస్తూ తలెత్తకుండా అంది: "ఇక్కడ నన్ను 'ఇదిగో అమ్మాయ్' అంటారు. ఇంట్లో 'ఏమే' అంటారు. అక్కడ 'పడవ వస్తోంది, జరగండి' అంటారు. తెలిసిందా?"

తెలిసింది. తిన్నగా బావ స్కూలుకు వెళ్ళాను. కారు తుడుస్తున్నాడు.

"బావా, నువ్వు నేర్పినవాడు లైసెన్సు పరీక్షకు వెళ్తే, నువ్వూ పక్కన కూర్చుంటావా?"

"ఎలా కూర్చోనిస్తారు? దింపేస్తారు."

"మరెక్కడుంటావు?"

"గేటు దగ్గర."

"గేటు దగ్గర నిలబడి వాడి బండికి బ్రేకు వేస్తావా?"

"నీకు వెటకారం ఎక్కువైంది మరదలా. నిలబడి చెమటలు కక్కుతాను. అంతకన్నా ఏం చేస్తాను?"

"ఆ కక్కేదే రాయి. అక్క చేతులు అక్కకు వదిలెయ్."

బావ గుడ్డ పిండి, తుడిచిన అద్దాన్నే మళ్ళీ తుడిచాడు.

ఆ సాయంత్రమే కథలో తుపాను. ముందుగదిలో అక్క ఒక మూల, బావ ఇంకో మూల, నేను ఇద్దరికీ మధ్య. ముగ్గురి చేతుల్లోనూ ఫోన్లే. పెద్దసరంగు గాలి లేపాడు. వైద్యురాలు కిటికీలు మూసుకుంది. అక్క తాడు విప్పి, పడవను నీళ్ళలోకి నెట్టి, అక్కడ ఆపి వదిలింది. ఇక బావ వంతు.

రాశాడు, చెరిపాడు. మళ్ళీ రాశాడు. కాలు నేలమీద తొక్కుతూనే ఉంది. అక్క ఫోను వంక తప్ప ఎటూ చూడటం లేదు. పైకి మామూలుగానే ఉంది గానీ, చీర అంచును వేలికి చుట్టి చుట్టి వేలు ఎర్రబడింది. బావ ఒక్క వాక్యం జారితే ఆమె పడవ పోతుంది. చివరికి బావ రాసింది మా ఫోన్లలో పడింది.

"సుంకం అధికారి రేవు చివరిదాకా పరుగెత్తాడు. మోకాలి లోతు నీళ్ళలో నిలబడి లాంతరు ఎత్తి పట్టుకున్నాడు. అతనికి ఈత రాదు. పడవ ఏం చేస్తుందో అతనికి తెలియదు."

పెద్దసరంగు బ్రాకెట్లు తెరిచి "((అధికారి గారికి దండం))" అన్నాడు. చిలక మాత్రం "అధికారికి భయమే లేదు" అని అరిచింది. చిలక సంగతి ముందే చెప్పాను కదా.

అక్క వేలికి చుట్టుకున్న అంచు విప్పింది. ఇంక ఆగలేదు, గబగబా రాసింది. "అల మీద అల లేచింది. పడవ మనిషి చుక్కాని విడవలేదు, వెనక్కి తిరిగి చూడలేదు. సగం నది దాటింది. అవతలి ఒడ్డున ఏదో కదులుతోంది." కొస అక్కడ వదిలింది. దాన్ని అందుకోవడానికి నలుగురు ఎగబడ్డారు.

బావ ఛాతీ పొంగించి ఒకటికి రెండుసార్లు చదువుకున్నాడు. మూడోసారికి ముఖం ముడుచుకుంది.

"ఒక్కసారి వెనక్కి చూస్తే నీ సొమ్మేం పోయేదే? అంత గాలివానలో, ఈత రానివాణ్ణి, చెయ్యి పడిపోయేలా లాంతరు పట్టుకు నిలబడ్డానే!"

అక్క ఫోన్లోంచి తల ఎత్తలేదు.

"పట్టుకోమని మిమ్మల్నెవరడిగారు?"