ప్రియాంక ఎక్కం

అది 2024 నవంబరు పద్దెనిమిది, సోమవారం. జహీరాబాద్‌లోని ఒక సర్కారు హైస్కూలుకు హెడ్మాస్టరైన రాజశేఖర్ ఆ మధ్యాహ్నం తిన్నది వేడి అన్నం, పలుచటి పప్పు, ఒక ఉడికిన గుడ్డు. భార్య సుగుణమ్మ పోయినప్పటి నుంచి ఆయన బడి పిల్లల వరుసలోనే కూర్చుని తింటున్నాడు. వంట చేసే బసమ్మ ఇంటి నుంచి తెచ్చిన మామిడికాయ తొక్కు అడక్కుండానే ఆయన కంచంలో ఇంత వేసిపోతుంది.

ఆ పూట మాత్రం ఆయన ధ్యాస తిండి మీద లేదు. పోయినేడు పదో తరగతి ఫలితాలు బడి పరువు తీశాయి. ఈసారి అలా కాకూడదని లెక్కల సారు మహిధర్ బలహీనులైన పిల్లలతో ‘మినిమం బ్యాచ్’ పెట్టాడు. పాసవడానికి కావలసిన నాలుగు ప్రశ్నలు బట్టీ పట్టించడమే అక్కడి చదువు. అందులో పడినవాళ్లకు ఇక అసలు లెక్కలు చెప్పరు. కర్ణాటక సరిహద్దున న్యాల్‌కల్ వైపు నుంచి వచ్చి హాస్టల్లో ఉంటున్న ప్రియాంకను కూడా అందులో వేద్దామని మహిధర్ పొద్దున అడిగాడు.

“ఏడెనిమిదులు ఎంతంటే కూడా గోడ లెక్క నిలబడ్తది సార్. ఇంకెప్పుడు నేర్పాలె?”

తిన్నాక చెప్తానన్నాడు రాజశేఖర్. సరేనందామనే అనుకున్నాడు.

అప్పుడే వరండాలో బసమ్మ కేకేసింది. “ప్రియాంకా, ఈ వరసలకు గుడ్లెన్ని కావాలె? చూసి చెప్పే!”

ఆ పిల్ల ఎనిమిదేసి మంది కూర్చున్న ఏడు వరుసల వెంట చూపు తిప్పింది. పెదాలు కదిలాయి. “ఏళు ఎంట్లె ఐవత్తారు,” అని తనలో తాను అనుకుని, కాసేపు ఆగి, “యాభై ఆరు, బసమ్మా,” అంది.

రాజశేఖర్ చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. సుగుణమ్మది బీదర్ వైపు. బియ్యం కొలిచినా, చీర కుచ్చిళ్లు పెట్టుకున్నా ఆమె పెదాలు అచ్చం అలాగే కన్నడంలో కదిలేవి.

చెయ్యి కడుక్కుని, మహిధర్‌ను వెంటబెట్టుకుని తరగతికి వెళ్లాడు.

“ఏడెనిమిదులు ఎంత బిడ్డా? మీ ఇంట్ల మాటల్నే చెప్పు.”

ప్రియాంక మహిధర్ వైపు భయంగా చూసింది. క్లాసులో కన్నడం మాట్లాడొద్దన్నది ఆయన నియమమే.

“జర చెప్పమ్మా, నేనేమనను,” అన్నాడు మహిధర్.

చెప్పింది. ఆ ఎక్కం చివరిదాకా చెప్పింది. తరువాత మహిధర్ బోర్డు మీద వేసిన వర్గ సమీకరణాన్ని కన్నడంలో గొణుక్కుంటూనే ఇంగ్లీషులో చేసి చూపింది. ఇంట్లో ఒక భాష, బడిలో ఇంకొకటి, పుస్తకంలో మరొకటి. మూడూ దాటి జవాబు నోటిదాకా వచ్చేలోపే సారు పక్క పిల్లను అడిగేవాడు.

మహిధర్ సుద్దముక్క బల్ల మీద పెట్టాడు. “సార్, మినిమం బ్యాచ్‌ల నన్నెయ్యున్రి.”

పిల్లలు పగలబడి నవ్వారు. ప్రియాంక కూడా.

మర్నాటి నుంచి పొద్దుటి క్లాసులో ఎవరి ఎక్కం వాళ్ల ఇంటి భాషలోనే. ఒక మూల ఉర్దూలో “సాత్ అట్ఠే ఛప్పన్”, ఇంకో మూల “ఐవత్తారు”. పక్క గది నుంచి సైన్సు టీచరు అనిత వచ్చి, “ఇది బడా, బస్‌స్టాండా?” అని తగువు పెట్టుకుంది. వారం తిరక్కుండానే తన పాఠానికీ అదే పద్ధతి పెట్టింది. కోహీర్ వైపు బడుల నుంచి సార్లు వచ్చి చూసిపోయారు.

ఏప్రిల్ ఆఖరులో ఫలితాలు వచ్చాయి. లెక్కల్లో ప్రియాంకకు ఎనభై ఒకటి. మినిమం బ్యాచ్ అన్న మాటే బడిలో మిగల్లేదు. ఆ సాయంత్రం ఆమె తండ్రి శరణప్ప అల్లం చేను నుంచి నేరుగా బండి మీద కూతుర్ని తీసుకుని వచ్చాడు.

“సారూ, మా పిల్ల పాసైందంటే ఖుషీనే. కానీ సార్లకే పాఠం చెప్పిందంట, నిజమేనా?”

“నిజమే శరణప్పా. ఇంకా చెప్తనే ఉంది, సూడు.”

లోపల బెంచీ మీద మహిధర్ చేతులు కట్టుకుని కూర్చున్నాడు. ఎదురుగా ఆయనకు కన్నడ ఎక్కాలు నేర్పుతూ ప్రియాంక.

“గట్ల కాదు సార్. మల్ల మొదటి నుంచి చెప్పున్రి.”

“ఏళు... ఏళు ఒంబత్లె...” మహిధర్ తడబడ్డాడు.

“పోయిన పాఠం చదవలేదా సార్?” అంది ప్రియాంక అచ్చం ఆయన గొంతుతో. శరణప్ప కండువా నోటికి అడ్డం పెట్టుకుని నవ్వాడు.

మునిమాపు వేళకు తండ్రీకూతుళ్లు బండెక్కారు. మహిధర్ ఎక్కం గొణుక్కుంటూ గేటు దాటాడు. రాజశేఖర్ తరగతిలోకి వచ్చి ఫ్యాను ఆపాడు. ఆ పిల్ల బోర్డు మీద సారు కోసం రాసిన ఎక్కాన్ని చెరపకుండా వదిలేసి, తలుపు మెల్లగా దగ్గరికి వేశాడు.