కొండి లేని తేలు

పేరు పలికితే మొగుని ఆయుష్షు తగ్గుతాదని వాళ్ళవ్వ చెప్పిపాయ. అందుకే ఎవురడిగినా రామేశ్వరమ్మ నోరు తెరవదు. గాజులు పైకి తోసి ముంజేయి చాపుతాది. పెండ్లప్పుడు పొడిపిచ్చిన పచ్చబొట్టు అది: ఆయన పేరు, పక్కనే తేలు. సూది నొప్పికి చేయి గుంజుకునిందని తేలుకు కొండి లేకుండా పాయ. ఊర్లో దాన్ని చూసి నవ్వనోళ్ళు లేరు.

కొడుకు ఈరేష్ స్మార్ట్‌ఫోన్ కొనిచ్చినాక ఆ పని తప్పింది. రేషనంగడైనా, ఆస్పత్రైనా మొగుని పేరుండే ఆధార్ ఫోన్లో చూపిస్తే సరి. ఒకనాడు బట్టలుతుకుతా చూసుకుంటే చేయి బోడిగా ఉండాది.

"అయ్యో, నా తేలు యాడికి పాయ!"

"ఫోన్లోకెక్కినాక చేతిమీదెందుకుంటాదక్కా? మా అత్త చేతిమీది మల్లెపూవూ అట్లే పాయ," అనింది పక్కింటి రాహేలమ్మ, సబ్బు రుద్దుతా.

అదీ నిజమేలే అనుకునింది రామేశ్వరమ్మ.

ఈలోగా మొగునికి మతిమరుపు ముదిరి, తన పేరే తనకు తెలీకుండా పాయ. డాక్టరుకు చూపిద్దామని కర్నూలు పిలుచుకపోయింది. బస్టాండులో సీసాకు నీళ్ళు పట్టి తిరిగేసరికి మనిషి లేడు. ఫోన్ తీస్తే చార్జింగు లేదు.

"పేరు చెప్పమ్మా, మైకులో పిలుస్తా," అన్నాడు విచారణ గదిలోని ఆయప్ప.

అలవాటుకొద్దీ బోడి చేయి చాపింది.

"ఈ వయసులో ఇంగా సిగ్గేందమ్మా?"

"సిగ్గు గాదప్పా. గ్యాపకం రాలేదు."

ఇన్నేండ్లు కాపురం చేసి మొగుని పేరు తెలీదంటే ఎవురు నమ్ముతారు? ఆమెకే నమ్మబుద్ధి కాలేదు. దిక్కు తోచక ఏడ్చేసింది.

అంతలో ఆయప్పకు ఎవురో ఫోన్ చేసినారు. విని, మైకు అందుకున్నాడు. "హనుమన్న మనుషులు ఎవరైనా ఉంటే మంత్రాలయం బస్సుల దగ్గరికి రావాలి."

పాపం, ఎవురి మొగుడో అనుకుని కండ్లు తుడుచుకునింది రామేశ్వరమ్మ.

"గుర్తు: చేతిమీద పేరు పచ్చబొట్టు, పక్కన కొండి లేని తేలు."

"ఆ తేలు నాదే!" అని కేకేసి, కొంగు జారుతున్నా చూసుకోకుండా పరిగెత్తింది.

మంత్రాలయం బస్సుల కాడ అరుగుమీద కూర్చోనుండాడు మొగుడు. సూదంటేనే ఆమడ దూరం పారిపోయే మనిషి ముంజేతిమీద పేరూ తేలూ పచ్చగా ఉండాయి. ఫోన్లోకి పోయినాయనుకున్నవి ఈడికి ఎట్లొచ్చినాయో ఆమెకు ఎంతకూ అర్థం కాలా. ఆ చేయి పట్టుకుని వదల్లేదు.

ఆయన బెదురుగా చూసినాడు. "ఎవురమ్మా నువ్వు?"

చెప్పింది, జన్మలో మొదటిసారి, నోరారా.

"హనుమన్న పెండ్లాన్నప్పా."

ఆయన పక్కకు జరిగి ఆమెకు చోటిచ్చినాడు.